ఒకే గాలికి రెండు నంబర్లా? ఏక్యూఐ చదవడం ఎలా

(స్క్రీన్ మీద పక్కపక్కనే రెండు ఫోన్లు. ఒకదాంట్లో లేత ఆకుపచ్చ రంగులో 100. రెండోదాంట్లో ఎర్ర రంగులో 154.)

రెండు ఫోన్లూ ఒకే బల్ల మీద ఉన్నాయి. చూపిస్తున్నది ఒకే చోటి గాలి, ఒకే సమయం. ఒక యాప్ ‘సంతృప్తికరం’ అంటోంది, రెండోది ‘ఆరోగ్యానికి హానికరం’ అంటోంది. ఏది అబద్ధం చెబుతోంది? ఏదీ కాదు. తిరకాసంతా కొలబద్దలో ఉంది.

ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీని మనం టెంపరేచర్‌లా చదివేస్తాం. కానీ గాలిలోంచి నేరుగా 154 అని చదివే యంత్రం ఎక్కడా లేదు. యంత్రాలు కొలిచేది ఘనపు మీటరు గాలిలో ఏ కాలుష్యం ఎంత ఉందో. ఆ లెక్కని ఒక పట్టికలో పెట్టి, 0 నుంచి 500 దాకా ఉండే నంబరుగా మారుస్తారు. ఆ పట్టిక దేశాన్ని బట్టి మారుతుంది.

మన ఫోన్ల సంగతే చూడండి. గాలిలో పీఎం 2.5 అనే సన్నటి ధూళి, ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. భారత్ పట్టికలో అది 100, ‘సంతృప్తికరం’ గీతకి సరిగ్గా అంచున. అమెరికా పట్టికలో అదే ధూళి 150 దాటేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 గంటల సగటుకి పెట్టిన హద్దు 15 మైక్రోగ్రాములు. అంటే ఆ లేత ఆకుపచ్చ గాలిలో దానికి నాలుగింతలు ధూళి ఉంది! అందుకే నేను రంగు కంటే ముందు మైక్రోగ్రాముల లెక్క చూస్తాను. చాలా యాప్‌లలో నంబరు మీద నొక్కితే లోపల కనిపిస్తుంది.

(యానిమేషన్: తలవెంట్రుక, దాని పక్కన చిన్న చుక్క.)

పీఎం 2.5 కణం మందం 2.5 మైక్రాన్లు, లేదా అంతకంటే తక్కువ. తలవెంట్రుక మందంలో సుమారు ముప్ఫయ్యో వంతు. పెద్ద ధూళిని ముక్కూ గొంతూ చాలావరకు ఆపేస్తాయి. ఇవి మాత్రం ఊపిరితిత్తుల చివరనున్న గాలి సంచుల దాకా వెళ్తాయి, మరీ చిన్నవైతే రక్తంలోకీ చేరతాయి. పాడు గాలి దగ్గుతో ఆగకుండా గుండెపోటు, పక్షవాతం దాకా తీసుకెళ్లేది ఇందుకే.

ఇంకో మెలిక ఉంది. ఈ సూచీ అన్ని కాలుష్యాల సగటు కాదు. ఒక్కోదానికీ విడిగా నంబరు వేసి, వాటిలో పెద్దదాన్నే పైన చూపిస్తారు. మిగతా సబ్జెక్టుల్లో ఎన్ని మార్కులొచ్చినా, తప్పిన సబ్జెక్టునే ప్రోగ్రెస్ కార్డు మీద రాసినట్టు. కాబట్టి 150 కనబడగానే ‘ఏ కాలుష్యం వల్ల?’ అని చూడండి. మీరు చేయాల్సిన పని దాన్ని బట్టే మారుతుంది.

(గ్రాఫ్: రోజంతా రెండు గీతలు, ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కుతూ.)

సన్నటి ధూళి చలికాలపు రాత్రుళ్లు, తెల్లవారుజామున పేరుకుంటుంది. నేలకి దగ్గరి గాలి చల్లబడితే, పైనున్న వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోలేదు. చీకటితోనే వాకింగ్‌కి వెళ్లేవాళ్లకి ఈ మాట నచ్చదు, తెలుసు. ఓజోన్ అనే కాలుష్య వాయువు దీనికి ఉల్టా. వాహనాలూ ఫ్యాక్టరీలూ వదిలిన వాయువులు ఎండ తగిలి ఓజోన్‌గా మారతాయి, అందుకే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ. ఆకాశం నీలంగా మెరుస్తున్నప్పుడు కూడా అది ఉండొచ్చు.

మాస్కు సంగతీ ఇక్కడే తేలుతుంది. ఎన్95 మాస్కు 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది, అదీ ముఖానికి బిగుతుగా పట్టి ఉంటేనే. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. చేతిరుమాలు కట్టుకుంటే ధైర్యం వస్తుందేమో గానీ సన్నటి ధూళి పెద్దగా ఆగదు. ఓజోన్ వాయువు కాబట్టి మామూలు ఎన్95 కూడా దాన్ని ఆపలేదు. ఓజోన్ ఎక్కువున్న రోజు పరుగూ, బరువు పనీ పొద్దున్నకి మార్చుకోవాలి.

‘మధ్యస్థం’ అనే మాట కూడా జాగ్రత్త. భారత్ సూచీలో అది 101 నుంచి 200 దాకా. వినడానికి పర్లేదు అన్నట్టుంటుంది కానీ, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఊపిరి ఇబ్బంది అక్కడే మొదలవ్వొచ్చు. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఉంటే ‘చాలా చెడ్డది’ అని వచ్చేదాకా ఆగకండి. ఇన్‌హేలర్ వాడేవాళ్లు దాన్ని దగ్గర పెట్టుకోండి.

పైగా, పెద్ద అక్షరాల్లో కనిపించే నంబరు చాలాసార్లు గత 24 గంటల సగటు. పక్క స్థలంలో ఇప్పుడే చెత్త తగలబెట్టినా అది వెంటనే కదలదు. కొలిచే కేంద్రం కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు కూడా. కళ్లు మండుతుంటే నంబరుని పక్కన పెట్టి కళ్లనే నమ్మండి.

ప్యూరిఫయర్ కొనేవాళ్లకి రెండే మాటలు: సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి, గది సైజుకి సరిపోవాలి. ఓజోన్ వదిలి గాలి శుద్ధి చేస్తామనే రకం వద్దు.

(గంటల వారీ గ్రాఫ్. మధ్యాహ్నం దగ్గర పల్లం.)

మరి కిటికీ ఎప్పుడు తెరవాలి? రోజంతా మూసి ఉంచితే వంటపొగ, దోమల కాయిల్ పొగ లోపలే తిరుగుతాయి. యాప్‌లో గంటల వారీ గ్రాఫ్ తెరవండి. ధూళి ఎక్కువున్న రోజుల్లో, ఎండ వచ్చి నేల వేడెక్కాక గీత తరచూ కిందికి దిగుతుంది. ఆ పల్లంలో తెరిచి, గీత మళ్లీ ఎక్కుతుంటే మూసేయండి.