ఛార్జర్ డబ్బా మీద పెద్ద అంకె, చిన్న అంకె

బావ: మొదలైందా?

బామ్మర్ది: ఎర్ర లైటు వెలిగింది బావా, మాట్లాడు.

బావ: అందరికీ నమస్కారం. రిమోట్‌తో ఎగరేసే బుల్లి విమానాల మీద మన పాడ్‌కాస్ట్ ఇది. పోయిన ఎపిసోడ్ విన్నాక పచ్చ రెక్క ఎవరిదని మెసేజ్‌లు పెట్టినవాళ్లందరికీ ఒకటే జవాబు. ఆ రెక్క నాది కాదు.

బామ్మర్ది: దాని మీద నీ పేరుంది.

బావ: పేరుంటే నాదైపోతుందా? విషయానికి రా.

బామ్మర్ది: సరే. కూకట్‌పల్లి నుంచి ఒక తమ్ముడు అడిగాడు. కొత్తగా ఫోమ్ ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్ల ఫోమ్ విమానం కొన్నాడట. 3ఎస్ 2200 బ్యాటరీ ప్యాక్‌లు, అంటే మూడు సెల్‌లు వరసగా, 2200 మిల్లీ-ఆంపియర్-అవర్లు. ఏ ఛార్జర్ తీసుకోవాలి, సైక్లర్, అంటే బ్యాటరీని ఎక్కించడమే కాక దించి కొలిచే ఏర్పాటు ఉన్నది కావాలా అని.

బావ: సైక్లర్ ఉన్నదే కొనాలి. ఇంకో ప్రశ్న చదువు.

బామ్మర్ది: ఆగు ఆగు. అతని దగ్గరున్నది లిపో, లిథియం పాలిమర్. లిపోకి సైక్లర్ ఎందుకు?

బావ: కొత్త ప్యాక్‌ని రెండు మూడుసార్లు ఎక్కించి దించి అలవాటు చేయాలి కదరా.

బామ్మర్ది: అది నికెల్ బ్యాటరీల నాటి మాట. లిపోని ఊరికే సైకిల్ చేస్తే దాని ఆయుష్షులో ఒక రౌండు తీసేసినట్టే. నీ నైక్యాడ్, ఆ నికెల్-కాడ్మియం పురాణం తర్వాత చెబుదువు గానీ, ముందు ఆ తమ్ముడికి జవాబు చెప్పనీ.

బావ: చెప్పు, చెప్పు. నేను చాయ్ తాగుతా.

బామ్మర్ది: తమ్ముడూ, ముందు వాట్లు చూడు. 2200 ప్యాక్‌ని ఒక సీ దగ్గర, అంటే గంటలో నిండే వేగంతో ఎక్కిస్తే 2.2 ఆంప్స్. మూడు సెల్‌లు నిండేటప్పటికి 12.6 వోల్ట్‌లు. రెండూ గుణిస్తే 28 వాట్లు కూడా రాదు. 50 వాట్ల ఛార్జర్ నీకు ధారాళంగా సరిపోతుంది. రేపు 6ఎస్ 5000 ప్యాక్ కొన్నావనుకో, అప్పుడు 25.2 వోల్ట్‌లు, 5 ఆంప్స్, అంటే 126 వాట్లు. అదే 50 వాట్ల డబ్బాకి తగిలిస్తే, స్క్రీన్ మీద 5 ఆంప్స్ అని నువ్వు పెట్టినా అది 2 ఆంప్స్ దగ్గరే ఆగిపోతుంది. పాడైందని కంగారు పడొద్దు, దాని సత్తా అంతే.

బావ: బ్యాలెన్స్ చెప్పు.

బామ్మర్ది: బ్యాలెన్స్ లీడ్, అంటే ఒక్కో సెల్‌ని విడిగా చూసే సన్న వైర్లు పెట్టకుండా ఛార్జి చేయొద్దు, అంతే. ప్రతి సెల్ 4.2 దగ్గర ఆగాలి. ఇంకోటి, మార్కెట్‌లో బీ6 అనే పేరుతో కనిపించే ఛార్జర్లన్నీ అసలువి కావు, నకళ్లు బోలెడు. కొన్నాక ఒకసారి మంచి మల్టీమీటర్‌తో సెల్ వోల్టేజీ కొలిచి, ఛార్జర్ చూపించే అంకెతో సరిపోల్చుకో. తేడా రెండో దశాంశంలో ఉంటే పర్వాలేదు, మొదటి దశాంశంలోనే ఉంటే తిరిగిచ్చెయ్. అయిపోయింది.

బావ: అయిపోయిందా? డిశ్చార్జి వాట్లు ఎవరు చెబుతారు?

బామ్మర్ది: అతనికి...

బావ: డబ్బా మీద పెద్దక్షరాలతో ఛార్జి వాట్లు వేస్తారు. డిశ్చార్జి వాట్లు ఎక్కడో మాన్యువల్‌లో చిన్నక్షరాల్లో ఉంటాయి. ఆ 50 వాట్ల బీ6 దించేది ఎంత? 5 వాట్లు. ఐదంటే ఐదే!

బామ్మర్ది: నిజమే. కానీ దించాల్సిన అవసరం ఎక్కడొచ్చింది?

బావ: మొన్న ఆదివారం ఏమైంది?

బామ్మర్ది: గాలి.

బావ: గాలి. శనివారం రాత్రి అన్ని ప్యాక్‌లూ నిండుగా ఎక్కించుకుని, పొద్దున్నే లేచి చేవెళ్ల దాటి పోయాం. అసలు అంత దూరం ఎందుకు పోవాలి? ఇటు బేగంపేట, అటు హకీంపేట, దుండిగల్, శంషాబాద్. ఊరి చుట్టూ రన్‌వేలే. మనలాంటివాళ్లు ఊరు దాటితే గానీ గాల్లోకి ఏమీ ఎగరేయలేరు. అంత దూరం పోయాక గాలి. ఒక్క ఫ్లైటూ లేదు. నిండు ప్యాక్‌లతో వెనక్కి. వాటిని ఏం చేశావు?

బామ్మర్ది: స్టోరేజికి దించా, దాచుకునే సగం ఛార్జికి.

బావ: దేంతో?

బామ్మర్ది: ...బల్బుతో.

బావ: విన్నారా! లిపోకి సైక్లర్ ఎందుకన్న పెద్దమనిషి కారు హెడ్‌లైట్ బల్బుతో దించాడట!

బామ్మర్ది: అందులో తప్పేముంది? 12 వోల్ట్‌ల 55 వాట్ల బల్బు. 3ఎస్ 2200లో ఉన్నది మొత్తం 24 వాట్-అవర్లు. స్టోరేజికి, అంటే సెల్‌కి 3.8, 3.85 దగ్గరికి రావాలంటే ఇంచుమించు సగం పోవాలి. బల్బుకి పావుగంట కూడా పట్టదు. 6ఎస్ అయితే రెండు బల్బులు సిరీస్‌లో, అరగంట. మీ 5 వాట్ల డబ్బాకి ఎంత పడుతుంది?

బావ: చిన్న ప్యాక్‌కి రెండున్నర గంటలు.

బామ్మర్ది: పెద్దదానికి?

బావ: పదకొండు.

బామ్మర్ది: పదకొండు గంటలు! ఒక్క ప్యాక్‌కి! రాత్రి పెట్టి పొద్దున చూసుకోవాలి. పక్కన మనిషి లేకుండా లిపోని రాత్రంతా వైరుకి తగిలించి పడుకుంటామా?

బావ: అందుకే కదరా డిశ్చార్జి వాట్లు చూసి కొనమంటున్నా. నీ బల్బుకి ఆగడం తెలీదు. ఛార్జర్ అయితే 3.8 రాగానే తనే కట్ చేస్తుంది. బల్బు 9 వోల్ట్‌లకి పడిపోయినా పసుపు రంగులో వెలుగుతూనే ఉంటుంది. నీకేమో ఫోన్ వస్తుంది, బాల్కనీలోకి పోయి మాట్లాడతావు. సెల్ మూడు వోల్ట్‌ల కిందికి పోయిందంటే ఆ ప్యాక్ మీద ఆశ వదులుకోవడమే.

బామ్మర్ది: బ్యాలెన్స్ లీడ్‌కి చిన్న అలారం పెడతాను కదా. 3.8కి సెట్ చేస్తే కూస్తుంది.

బావ: కూస్తే ఆగుతుందా? కూసినప్పుడు నువ్వక్కడ ఉండాలి. పైగా హాలోజెన్ బల్బు, చెయ్యి తగిలిందా బొబ్బే. తగిలించేటప్పుడు చిటుక్కుమంటుంది చూడు, చల్లటి ఫిలమెంట్ మొదటి క్షణంలో ఎన్నోరెట్లు కరెంటు లాగేస్తుంది. నీ ఎక్స్‌టీ60 కనెక్టర్ పిన్నుల మీద నల్ల మచ్చలు ఎందుకొచ్చాయనుకున్నావు?

బామ్మర్ది: అవి పాతవి.

బావ: మొన్న కొన్నవి.

అక్క: (దూరం నుంచి) ఆ బల్బు స్టాండు నా కుట్టుమిషన్‌ది!

బామ్మర్ది: అక్కా, రికార్డింగ్ నడుస్తోంది.

అక్క: నడవనీ. వినేవాళ్లకీ తెలియాలి కదా. ఏవండీ, మీరూ తక్కువేం కాదు. ఛార్జింగ్ సోఫా మీద పెట్టొద్దన్నానా?

బావ: పెట్టట్లేదు కదా ఇప్పుడు. టైల్స్ మీద, మంట తట్టుకునే బ్యాగులో పెడుతున్నా.

అక్క: ఇంట్లో ఎవరూ లేనప్పుడు వద్దు, అందరూ పడుకున్నాక వద్దు. ఒరేయ్, ఉబ్బిన ప్యాక్ ఒకటి షూ ర్యాక్‌లో ఉంది, అది నీదేనా?

బామ్మర్ది: ...చూస్తా అక్కా.

బావ: షూ ర్యాక్‌లోనా? మొన్న మే నెలంతా? అక్కడ ఎండ నేరుగా పడుతుంది కదరా!

బామ్మర్ది: దాన్ని తీసేద్దామనే పక్కన పెట్టా.

బావ: పక్కన పెట్టడమంటే షూ ర్యాక్‌లోనా... సరే. ఏమంటున్నా నేను?

బామ్మర్ది: డిశ్చార్జి వాట్లు.

బావ: ఆ. ఇప్పుడొచ్చే మంచి డీసీ ఛార్జర్లలో, అంటే గోడ ప్లగ్గుకి కాక బ్యాటరీకో సప్లైకో తగిలించేవాటిలో, ఒక ఏర్పాటు ఉంది. ప్యాక్‌లోంచి దించిన కరెంటుని వేడిగా పోగొట్టకుండా, ఛార్జర్‌కి కరెంటు ఇచ్చే బ్యాటరీలోకే తిరిగి పంపిస్తుంది. 5 వాట్ల తంటా ఉండదు.

బామ్మర్ది: ఒక్క షరతు. ఇన్‌పుట్ దగ్గర నిజంగా బ్యాటరీ ఉండాలి. ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటుతో నడిచే పవర్ సప్లై పెట్టి ఆ మోడ్ ఆన్ చేశావో, కరెంటు ఎటూ పోలేక వోల్టేజీ పైకి తన్నుకొస్తుంది. సప్లై అయినా పోతుంది, ఛార్జర్ అయినా పోతుంది.

బావ: బ్యాటరీ మనింట్లో ఉంది కదా.

బామ్మర్ది: ఏది?

బావ: ఇన్వర్టర్‌ది. 12 వోల్ట్‌లు, 150 ఆంపియర్-అవర్. ఎన్ని ప్యాక్‌లు దించినా దానికి లెక్కే కాదు.

అక్క: ముట్టుకున్నారంటే చూడండి.

బావ: ఊరికే అన్నానే.

బామ్మర్ది: (నవ్వు) అక్క ఇంకా ఇక్కడే ఉంది.

బావ: అయినా మీ తరానికి బ్యాటరీ దించడం అంటే తలనొప్పి. మాకు అది పూజ. నైక్యాడ్ రోజుల్లో...

బామ్మర్ది: వచ్చేసింది. నేను చాయ్ తాగుతా.

బావ: నవ్వు, నవ్వు. అప్పుడు మాకు మోటారు లేదు, ఇంధనంతో నడిచే గ్లో ఇంజన్. ఇంజన్ ఆగితే గ్లైడ్ చేసి దింపేవాళ్లం. కానీ రిమోట్ మాట వినే రిసీవర్ బ్యాటరీ పోతే? నాలుగు సెల్‌ల నైక్యాడ్, 4.8 వోల్ట్‌లు. అది పోతే రెక్కల, తోక పలకల్ని కదిపే సర్వోలు చచ్చినట్టే. ఇంజన్ ఫుల్లు మీద ఉంటుంది, స్టిక్ తిప్పుతుంటావు, విమానం దాని దారిన అది పోతుంది. ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు. పైగా నైక్యాడ్‌తో ఇంకో చిక్కు. చివరిదాకా 1.2 దగ్గరే నిలబడి, చివర్లో ధబేల్‌మని పడిపోతుంది. మీటర్ పెట్టి చూస్తే నిండుగానే కనిపిస్తుంది. లోపల ఎంత ఉందో చెప్పేది సైక్లర్ ఒక్కటే. సెల్‌కి ఒక వోల్ట్ దాకా దించి, ఎన్ని మిల్లీ-ఆంపియర్-అవర్లు బయటికొచ్చాయో లెక్క చూపిస్తుంది. 600 అని రాసున్న ప్యాక్ 400 ఇచ్చిందంటే పక్కన పెట్టేసేవాళ్లం. అది ఆ ఆదివారం ఎగరదు.

బామ్మర్ది: ...

బావ: ఏంటి, మాట్లాడవు?

బామ్మర్ది: లేదు, ఇది నువ్వెప్పుడూ ఇలా చెప్పలేదు. ఎప్పుడూ మెమరీ ఎఫెక్ట్, మెమరీ ఎఫెక్ట్ అని మొదలుపెడతావు, అక్కడే నా చెవులు మూసుకుపోతాయి.

బావ: మెమరీ ఎఫెక్ట్, అంటే సగంలో ఎక్కిస్తే ఆ సగాన్నే గుర్తుంచుకోవడం, అదీ ఉంది.

బామ్మర్ది: ఉంది లే. కానీ ఈ లెక్క నేను ఒప్పుకుంటా. పెద్ద విమానాల్లో ఇప్పటికీ రిసీవర్‌కి విడిగా ప్యాక్ పెడతారు కదా, నికెల్ మెటల్ హైడ్రైడో, లైఫ్, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, రెండు సెల్‌లదో. వాటిని సీజన్ మొదట్లో ఒకసారి దించి లెక్క చూసుకోవాల్సిందే. ఆఖరికి లిపోని కూడా ఏడాదికోసారి దించి చూస్తే తప్పు లేదు. రాసినదాంట్లో 80 శాతం కూడా రాకపోతే రిటైర్ చేసేయొచ్చు. నా గొడవల్లా ప్రతి వారం సైకిల్ చేసేవాళ్లతోనే.

బావ: ఎవరు చేస్తారు ప్రతి వారం?

బామ్మర్ది: మన గ్రౌండ్‌లో టోపీ ఆయన.

బావ: ఆయన సంగతి వేరు. ఆయన ప్రొపెల్లర్‌ని కూడా సైకిల్ చేస్తాడు.

బామ్మర్ది: (నవ్వు) అయితే లిపోకి నేను చూసేది ఇంటర్నల్ రెసిస్టెన్స్, సెల్ లోపలి నిరోధం. ప్రతి సెల్‌కీ మిల్లీ-ఓమ్స్‌లో చూపించే ఛార్జర్ తీసుకుంటే, మూడు సెల్‌లలో ఏది ముసలిదవుతోందో ముందే తెలిసిపోతుంది. కానీ పోల్చేటప్పుడు ఒకే వేడిలో కొలవాలి. డిసెంబర్ పొద్దున కొలిచి, ఏప్రిల్ మధ్యాహ్నం కొలిచి, ప్యాక్ బాగుపడిందని సంబరపడకూడదు. వేడెక్కితే ఆ అంకె తగ్గుతుంది.

బావ: మోడ్ గురించి చెప్పావా?

బామ్మర్ది: ఏ మోడ్?

బావ: అన్నిటికన్నా ముఖ్యమైనది వదిలేశావు! లిపోని నికెల్ మోడ్‌లో పెట్టడం. నికెల్ సెల్ నిండాక వోల్టేజీ కాస్త కిందికి జారుతుంది, ఛార్జర్ ఆ జారుడు చూసి ఆపుతుంది. లిపోకి ఆ జారుడు ఉండదు. ఛార్జర్ దానికోసం ఎదురుచూస్తూ ఎక్కిస్తూనే ఉంటుంది. 4.2 దాటుతుంది, 4.3 దాటుతుంది, ఆ తర్వాత మంటే. అన్ని రకాలూ ఎక్కించే ఛార్జర్ కొన్నప్పుడు, స్టార్ట్ నొక్కే ముందు స్క్రీన్ మీద ఏం రాసుందో నోటితో చదవాలి. పైకి, వినపడేలా.

బామ్మర్ది: నువ్వు చదువుతావు, మేం వింటుంటాం. లై-పో బ్యా-లె-న్స్...

బావ: ఎక్కిరించకు. ఇంతకీ ఆ తమ్ముడికి ఏం కొనమంటున్నాం?

బామ్మర్ది: ఇంట్లో ప్లగ్గుకి నేరుగా తగిలేది, 50 వాట్లో కాస్త ఎక్కువో, స్టోరేజి మోడ్ ఉన్నది. నకలు కానిది.

బావ: నేను ఒప్పుకోను. డీసీ ఛార్జర్ తీసుకుని, పాత కంప్యూటర్ సప్లైతో నడపాలి. కోఠి గుజరాతీ గల్లీలో ఒక రౌండు వేస్తే కావలసిన వైర్లు, కనెక్టర్లు దొరుకుతాయి. రేపు 6ఎస్ కొన్నా ఛార్జర్ మార్చక్కర్లేదు, డిశ్చార్జి వాట్లు కూడా...

బామ్మర్ది: కొత్త కుర్రాడు బావా! ఆకుపచ్చ వైరు, నల్ల వైరు కలిపి కంప్యూటర్ సప్లైని ఆన్ చేయమంటావా? వాళ్లమ్మ ఊరుకుంటుందా?

బావ: మన అమ్మ ఊరుకుంది.

బామ్మర్ది: మన అమ్మకి తెలీదు.

అక్క: తెలుసు!

బామ్మర్ది: సరే, టైమ్ అయిపోతోంది. రెండో ప్రశ్న కనెక్టర్ల మీద. ఎక్స్‌టీ60కి మారాలా, పాత డీన్స్ ఉంచుకోవాలా?

బావ: డీన్స్.

బామ్మర్ది: కారణం?

బావ: టంకం సరిగ్గా పెట్టడం వస్తే డీన్స్‌కి మించింది లేదు.

బామ్మర్ది: బావా, అది ఒక పూర్తి ఎపిసోడ్. ఇప్పుడు మొదలెడితే అన్నం చల్లారిపోతుంది.

బావ: ఒక్క నిమిషం చెబుతా. డీన్స్‌లో స్ప్రింగు ఉంటుంది చూడు...

బామ్మర్ది: ఆపేస్తున్నా.

బావ: ఆ స్ప్రింగు వల్ల...

బామ్మర్ది: ఆపేశా.