బంగారు మూత

సభకు నమస్కారం.

రథసప్తమి సాయంత్రం పూట సూర్యుడి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ ఉదయం మీలో చాలామంది తల మీద, భుజాల మీద జిల్లేడు ఆకులు పెట్టుకుని స్నానం చేసి ఉంటారు. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేసి, పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నం చిక్కుడాకులో వడ్డించి నైవేద్యం పెట్టి ఉంటారు. తిరుమలలో మలయప్ప స్వామి సూర్యప్రభతో మొదలుపెట్టి ఒక్క రోజులో ఏడు వాహనాల మీద ఊరేగేది కూడా ఈ రోజే. పండుగ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నేను అడగదలచిన ప్రశ్న వేరు. వేదకాలపు ఋషి తలెత్తి సూర్యుణ్ణి చూసినప్పుడు, ఆయనకు ఏం కనిపించింది?

వెలుగు జ్ఞానానికి గుర్తు, చీకటి అజ్ఞానానికి గుర్తు అని వెంటనే అనేస్తాం. ఆ మాట తప్పు కాదు. కానీ అక్కడే ఆగిపోతే వేదం మనకు దాచిపెట్టిన సొమ్ములో చిల్లర మాత్రమే ఏరుకున్నట్టు. సూక్తాలను, అంటే దేవతలను స్తుతించే మంత్రాల గుచ్ఛాలను, నెమ్మదిగా చదివితే నాకు ముందుగా తోచేది ఇది: సూర్యుడు అక్కడ దీపం కాదు, కన్ను.

ఋగ్వేదం మొదటి మండలం 115వ సూక్తం చూడండి. ఋషి కుత్సుడు. 'చిత్రం దేవానాముదగాదనీకం, చక్షుర్మిత్రస్య వరుణస్యాగ్నేః' అంటాడు. దేవతల అద్భుతమైన తేజోరాశి ఉదయించింది, అది మిత్రుడు, వరుణుడు, అగ్ని అనే దేవతలకు కన్ను. అదే మంత్రం చివర 'సూర్య ఆత్మా జగతస్తస్థుషశ్చ' అన్న మాట వస్తుంది. కదిలేవాటికీ కదలని వాటికీ ఆత్మ సూర్యుడే. కన్నుతో మొదలైన మంత్రం ఆత్మతో ముగిసింది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్నే తరువాత ఉపనిషత్తులు నడిచాయని నా నమ్మకం.

కన్ను అన్నాక చూస్తుంది. మనుషుల్లో ఋజువర్తనాన్నీ వంకరనూ సూర్యుడు చూస్తూ ఉంటాడని వసిష్ఠుడి సూక్తం చెబుతుంది. ప్రస్కణ్వుడి సూక్తంలో సూర్యుడు రాగానే నక్షత్రాలు రాత్రితో పాటు దొంగల్లా జారుకుంటాయి. ఎంత చూడముచ్చటైన పోలిక! మన తెలుగులో సూర్యుణ్ణి కర్మసాక్షి అంటాం. ఎవరూ చూడలేదనుకుని తప్పు చేసినవాణ్ణి పెద్దవాళ్లు 'పైన కర్మసాక్షి ఉన్నాడు' అని హెచ్చరించేవారు. ఆ ఒక్క మాటలో ఇంత పాత సూక్తాల భావం చెక్కుచెదరకుండా నిలిచి ఉంది.

మా తాతగారు మధ్యాహ్న సంధ్య వార్చేటప్పుడు పెరట్లో నిలబడి, రెండు చేతుల వేళ్లూ అల్లి పైకెత్తి, ఆ వేళ్ల సందులోంచి సూర్యుడి వైపు చూసేవారు. చిన్నప్పుడు నేను ఆయన పక్కన నిలబడి అలాగే వేళ్లు పెట్టి నవ్వేవాణ్ణి. ఆయన చెప్పే మంత్రం 'తచ్చక్షుర్దేవహితం' అని మొదలవుతుంది. దేవతలు నిలిపిన ఆ కన్ను తూర్పున ప్రకాశిస్తూ పైకి వస్తోంది, నూరు శరత్తులు చూద్దాం, నూరు శరత్తులు జీవిద్దాం. ఇందులో వరుస గమనించండి. ముందు చూడడం, తరువాత జీవించడం. యజుర్వేద పాఠంలో ఈ కోరికల చిట్టా సంతోషం, వినికిడి, మాట అంటూ సాగి 'జ్యోక్చ సూర్యం దృశే' అని ముగుస్తుంది. చాలాకాలం సూర్యుణ్ణి చూడడానికి అని అర్థం. బతకడం అంటే సూర్యుణ్ణి చూస్తూ ఉండడమే అని ఇంతకన్నా సూటిగా ఎలా చెప్పగలరు?

మరి మన కన్ను ఎక్కడిది? ఐతరేయోపనిషత్తు జవాబు చెబుతుంది. దేవతలు తమకు చోటు కావాలని అడిగినప్పుడు, సృష్టికర్త పురుషుణ్ణి, అంటే మనిషి రూపాన్ని, తెచ్చి చూపించి 'మీ మీ చోట్లలో ప్రవేశించండి' అన్నాడట. అగ్ని వాక్కై నోట్లోకి ప్రవేశించాడు. వాయువు ప్రాణమై ముక్కులోకి ప్రవేశించాడు. ఆదిత్యుడు చూపై కళ్లలోకి ప్రవేశించాడు. అంటే మన చూపు సూర్యుడు మనలో కాపురం పెట్టడమే. కాపురం ఎన్నాళ్లో ఉండదు. ఋగ్వేదం పదో మండలంలో అంత్యక్రియల వేళ చనిపోయినవాడితో అంటారు: 'సూర్యం చక్షుర్గచ్ఛతు'. నీ కన్ను సూర్యుడిలోకి వెళ్లుగాక. వచ్చిన చోటికే తిరుగు ప్రయాణం. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదివిన ప్రతిసారీ నాకు మాట పెగలదు.

సూర్యుడికి వేదంలో ఇంకా చాలా పేర్లున్నాయి. పూష, మిత్రుడు, భగుడు. అన్నింటినీ ఇప్పుడు ముట్టుకోను. కానీ సవిత దగ్గర ఆగకుండా వెళ్లలేను. ప్రేరేపించేవాడు, కదలించేవాడు సవిత. సాయణాచార్యులు ఒకచోట ఉదయానికి ముందు ఉండేవాడు సవిత, ఉదయం నుంచి అస్తమయం దాకా ఉండేవాడు సూర్యుడు అని విడదీసి చెబుతారు. 14వ శతాబ్దంలో విజయనగరంలో, బుక్కరాయల కొలువులో ఉంటూ వేదాలకు భాష్యం రాయించిన మహానుభావుడాయన. ఆయన విభజన ప్రకారం చూస్తే, సవితను ధ్యానించే గాయత్రీ మంత్రం ఎవరిని పిలుస్తోంది? ఇంకా కనిపించని వాణ్ణి. బింబం లేదు, వెలుగు ఇంకా తూర్పు అంచు దాటలేదు, కానీ కదలిక మొదలైంది. పక్షి లేచింది, పాలేరు లేచాడు. ఆ కదలికను మా బుద్ధుల్లో కూడా పుట్టించమని విశ్వామిత్రుడు వేడుకున్నాడు. ధనం అడగలేదు. 'నా' బుద్ధి అని కూడా అనలేదు, 'నః' అన్నాడు. మా అందరి బుద్ధులను అని. ఒంటరిగా కూర్చుని జపించే మంత్రంలో కూడా బహువచనమే ఉంది.

ఒక మాట చెప్పాలి. సాయణులే ఒకచోట, సూర్యుడు అర నిమేషంలో, అంటే రెప్పపాటులో సగంలో, 2,202 యోజనాలు పోతాడన్న శ్లోకాన్ని ఉదహరించారు. దాన్ని పట్టుకుని కాంతి వేగం వేదంలో ఉందని ఫోన్లలో సందేశాలు తిరుగుతుంటాయి. నాకు బాధ కలుగుతుంది. వేదానికి గౌరవం తేవడానికి ఈ లెక్కలు అక్కరలేదు. అంతకంటే గొప్ప మాట యజ్ఞాలను వివరించే వేదభాగమైన ఐతరేయ బ్రాహ్మణంలో ఉంది: ఈ సూర్యుడు ఎన్నడూ అస్తమించడు, ఎన్నడూ ఉదయించడు. అస్తమించాడని మనం అనుకునేది పగలు చివరికి చేరి తనను తాను తిప్పుకోవడమే. ఉదయాస్తమయాలు ఆయనవి కావు, మన చూపువి. ఛాందోగ్యోపనిషత్తు దీన్ని అందుకుని, బ్రహ్మోపనిషత్తును, అంటే బ్రహ్మ రహస్యాన్ని, ఎరిగినవాడికి ఎప్పటికీ ఒకే పగలు అంటుంది.

ఇక ఈశావాస్యోపనిషత్తుకు వద్దాం. నాకు అన్నిటికన్నా సాహసమైన మంత్రం అక్కడుంది. 'హిరణ్మయేన పాత్రేణ సత్యస్యాపిహితం ముఖం'. సత్యం ముఖాన్ని బంగారు పాత్ర మూసి ఉంచింది. ఓ పూషా, సత్యధర్ముణ్ణైన నేను చూసేందుకు దాన్ని తొలగించు. ఆ బంగారు పాత్ర ఏమిటో తెలుసా? మెరిసిపోతున్న ఈ సూర్యబింబమే. ఇన్ని సూక్తాలు ఎవరిని పొగిడాయో, అతడి తేజస్సే తెర అంటున్నాడు ఋషి. చీకటి తొలగాలని అందరూ కోరతారు. ఇక్కడ వెలుగునే తొలగించమంటున్నాడు! తరువాతి మంత్రంలో 'వ్యూహ రశ్మీన్ సమూహ తేజః' అని వేడుకుంటాడు. కిరణాలను పక్కకు తప్పించు, తేజస్సును ఉపసంహరించు, నీ కల్యాణతమమైన రూపాన్ని చూస్తాను. చూశాక ఏమన్నాడు? 'యోऽసావసౌ పురుషః సోऽహమస్మి'. అక్కడున్న ఆ పురుషుడు నేనే. తైత్తిరీయం కూడా ఇదే అంటుంది: ఈ మనిషిలో ఉన్నవాడు, ఆ ఆదిత్యుడిలో ఉన్నవాడు, ఇద్దరూ ఒక్కరే.

ఇది మరణం దగ్గరపడినవాడి ప్రార్థన అని భాష్యకారులు చెబుతారు. అందుకే దానికి అంత తొందర, అంత చనువు. ఇంటి తలుపు తట్టి 'తీయండి, నేనే' అన్నట్టుంటుంది.

చివరిగా బృహదారణ్యకంలో జనకుడి సభ. ఆ రోజు యాజ్ఞవల్క్యుడు మాట్లాడకూడదని అనుకుని వచ్చాడట. కానీ ఏ ప్రశ్నైనా అడిగే వరం ఎప్పుడో ఆయనే రాజుకు ఇచ్చి ఉన్నాడు. జనకుడు అడిగాడు: ఈ మనిషికి వెలుగు ఏది? సూర్యుడు, అన్నాడు ముని. సూర్యుడి వెలుగులోనే మనిషి కూర్చుంటాడు, వెళ్తాడు, పని చేస్తాడు, తిరిగి వస్తాడు. సూర్యుడు అస్తమిస్తే? చంద్రుడు. చంద్రుడూ అస్తమిస్తే? అగ్ని. అగ్ని చల్లారితే? మాట. తన చెయ్యి తనకే కనిపించని చీకట్లో కూడా, మాట వినిపించిన దిక్కుకు మనిషి నడుస్తాడు. ఎంత నిజం! పొలం గట్ల మీద చీకట్లో నడిచినవాళ్లకు ఇది తెలుసు. మాట కూడా ఆగిపోతే? 'ఆత్మైవాస్య జ్యోతిః'. ఆత్మే అతడికి వెలుగు. జనకుడు వదలలేదు. వేయి ఆవులను ఇస్తాను, ఇంకా చెప్పమన్నాడు. రాజు మేధావి, నన్ను అన్ని మూలల నుంచీ బయటికి లాగేశాడని మునికి భయం వేసిందని ఉపనిషత్తే రాసింది.

మా తాతగారికి చివరి సంవత్సరాల్లో కళ్లలో శుక్లాలు ముదిరి చూపు పోయింది. మధ్యాహ్నం అయ్యిందని ఎవరైనా చెబితే పెరట్లోకి తీసుకెళ్లమనేవారు. ఎండ ముఖానికి తగిలేదాకా అటూ ఇటూ తిరిగి, అక్కడ ఆగి, వేళ్లు అల్లి పైకెత్తేవారు. 'పశ్యేమ శరదశ్శతం' అన్న మాట దగ్గర గొంతు తగ్గేది కాదు. ఆ వేళ్ల సందులోంచి ఆయన ఏం చూసేవారో అప్పట్లో నేను అడగలేదు.

నమస్కారం.