బ్రిటెన్ 'వార్ రెక్వియం': 1963 రికార్డింగు సమీక్ష

నమస్కారం. బెంజమిన్ బ్రిటెన్ స్వరపరచిన 'వార్ రెక్వియం'కు 1963 జనవరిలో ఆయన నిర్వహణలోనే డెక్కా సంస్థ చేసిన రికార్డింగును ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను.

1940 నవంబరులో జర్మన్ బాంబులకు కూలిన, ఇంగ్లండులోని కోవెంట్రీ కెథడ్రల్ (పెద్ద చర్చి) పక్కనే కొత్తది కట్టి, 1962 మే నెలలో ప్రారంభించిన సందర్భానికి రాసిన కృతి ఇది. మృతుల కోసం పాడే లాటిన్ ప్రార్థనల నడుమ, మొదటి ప్రపంచయుద్ధం ముగియడానికి వారం ముందు 25 ఏళ్ల వయసులో నేలకొరిగిన ఇంగ్లీషు సైనికకవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ కవితలు తొమ్మిదింటిని బ్రిటెన్ చేర్చాడు. లాటిన్‌ను పెద్ద కోరస్ (గాయకబృందం), సోప్రానో (హెచ్చు స్థాయి స్త్రీ గొంతు) పాడతారు. ఓవెన్ మాటలను చిన్న వాద్యబృందం తోడుగా టెనర్ (హెచ్చు స్థాయి పురుష గొంతు), బారిటోన్ (అంతకన్నా తగ్గు స్థాయి పురుష గొంతు) పాడతారు. పిల్లల గొంతులు మాత్రం ఆర్గన్‌తో ఎక్కడో దూరాన వినిపిస్తాయి. ఈ దూరాలను చెరిపేయకపోవడమే ఈ రికార్డింగు గొప్పతనమని నా అభిప్రాయం. ఫోను స్పీకరులో వింటే అదంతా పోతుంది.

ఆఫర్టోరియం అనే భాగం వినండి. అబ్రహాముకూ అతని సంతతికీ దేవుడిచ్చిన మాటను కోరస్ హుషారైన ఫ్యూగ్‌గా (ఒకే స్వరవరసను గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే పద్ధతిలో) పాడి ముగించగానే ఓవెన్ కవిత మొదలవుతుంది. బైబిలులో అబ్రహాము కొడుకును విడిచి పొట్టేలును బలి ఇస్తాడు. ఓవెన్ కవితలోని ముసలివాడు దేవదూత మాటను పెడచెవిన పెట్టి కొడుకునూ, ఐరోపా సంతతిలో సగాన్నీ ఒక్కొక్కరిగా చంపుతాడు. ఆ 'ఒక్కొక్కరిగా' అన్న మాటను గాయకులిద్దరూ మళ్లీ మళ్లీ అంటుండగా, పిల్లలు దూరంగా తమ ప్రార్థన తాము పాడుకుంటూనే ఉంటారు. తరువాత అదే ఫ్యూగ్, స్వరాలు తలకిందులై, గుసగుసగా తిరిగివస్తుంది.

కృతి మొదట్లోనే గంటలు మోగించే రెండు స్వరాలు మన కర్ణాటక సంగీతం లెక్కలో షడ్జమం, ప్రతి మధ్యమం. కల్యాణి రాగంలో హాయిగా వినే ఈ దూరం, పంచమం ఆసరా లేని ఇక్కడ చెవిని కుదురుగా ఉండనివ్వదు.

ఇంగ్లీషు టెనర్ పీటర్ పియర్స్, జర్మన్ బారిటోన్ ఫిషర్-డీస్కావ్, రష్యన్ సోప్రానో విష్నెవ్‌స్కాయా గొంతులను ఊహించి రాసినా, సోవియట్ ప్రభుత్వం అనుమతించనందున తొలి ప్రదర్శనలో ఆమె పాడలేదు. ఈ రికార్డింగులో ముగ్గురూ ఉన్నారు. ఆమె గొంతు తుది తీర్పు గురించి పాడే చోట అద్భుతం, కన్నీళ్ల ప్రార్థన అయిన లాక్రిమోజాలో మాత్రం కొంచెం తగ్గి ఉండవలసింది.

చివరి భాగంలో, తానూ జర్మన్ సైన్యంలో ఉండి యుద్ధఖైదీ అయిన ఫిషర్-డీస్కావ్, ఓవెన్ కవితలోని చనిపోయిన సైనికుడి మాటగా 'నువ్వు చంపిన శత్రువును నేనే, మిత్రమా' అని పాడతాడు. అప్పటికి వాద్యాలు దాదాపు ఆగిపోతాయి. ఆ తరువాత టెనర్, బారిటోన్ ఇద్దరూ కలిసి 'ఇక నిద్రపోదాం' అంటుండగా పిల్లలూ, కోరసూ వచ్చి చేరతారు; గంటలు మళ్లీ అవే రెండు స్వరాలు మోగిస్తాయి.