కోల్డ్ ప్యాక్ లోపల ఏముంది? ఇంటర్ సాల్ట్ అనాలిసిస్‌తో పట్టేద్దాం

[క్లోజప్: టేబుల్ మీద తెల్లటి ప్యాక్. పిడికిలితో ఒక్క గుద్దు. లోపల 'టప్' మన్న చప్పుడు.]

ఐస్ లేదు, ఫ్రిజ్ లేదు. ఒక్క గుద్దుకే చల్లబడిపోయింది. పరేడ్ గ్రౌండ్స్‌లో క్రికెట్ ఆడేవాళ్ల కిట్ బ్యాగుల్లో ఉంటుంది, కోఠి సర్జికల్ షాపుల్లో అడిగితే ఇస్తారు. లోపల ఒక నీళ్ల సంచి, చుట్టూ తెల్లటి గుళికలు. ఆ గుళికలు ఏమిటో తేల్చాలి.

అనుమానితులు ముగ్గురు: అమ్మోనియం నైట్రేట్, యూరియా, అమ్మోనియం క్లోరైడ్. మూడోది మీకు తెలిసిందే, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరం. కొన్ని ప్యాకుల్లో కాల్షియం అమ్మోనియం నైట్రేట్ కూడా ఉంటుంది.

[గ్రాఫిక్: విడిపోతున్న అయాన్లు]

అమ్మోనియం నైట్రేట్ కరగాలంటే అందులోని అయాన్ల, అంటే విద్యుదావేశం ఉన్న కణాల, మధ్య పట్టు తెగాలి. అందుకు శక్తి కావాలి. నీటి అణువులు ఆ అయాన్లను చుట్టుముట్టినప్పుడు కొంత శక్తి తిరిగొస్తుంది కానీ, సరిపోదు. ఆ లోటును నీళ్లలోంచీ, వాచిన మీ చీలమండలోంచీ లాగేసుకుంటుంది. 100 గ్రాములు కరిగితే అమ్మోనియం నైట్రేట్ సుమారు 32 కిలోజౌళ్లు పీలుస్తుంది, నవాసాగరం 27 దాకా, యూరియా 25 చిల్లర. తేడా ఇంత తక్కువ కాబట్టి చేత్తో పట్టుకుని "ఇది ఫలానా" అని చెప్పడం కుదరదు. మూడూ తెల్లగానే ఉంటాయి కూడా.

ముందు కవర్ చదవండి. చాలాసార్లు కథ అక్కడే అయిపోతుంది. పేరు లేకపోతే తయారీదారు ఇచ్చే సేఫ్టీ డేటా షీట్ చూడండి.

[కట్: కాలేజీ ల్యాబ్, కళ్లద్దాలు, టెస్ట్ ట్యూబులు]

అదీ లేకపోతే ల్యాబ్‌కి. ఇంట్లో కాదు, లెక్చరర్ ఎదురుగా. చిటికెడు గుళికలకు సోడియం హైడ్రాక్సైడ్ కలిపి గోరువెచ్చగా చేస్తే గుప్పున అమ్మోనియా వాసన. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచిన గాజు కడ్డీ దగ్గర పెట్టండి, దట్టమైన తెల్లటి పొగ. అమ్మోనియం దొరికింది. ఇక జోడీ ఎవరు? సిల్వర్ నైట్రేట్‌తో పెరుగు ముక్కల్లాంటి తెల్లటి అవక్షేపం వస్తే క్లోరైడ్. ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం పోసి, ట్యూబు వాల్చి గోడ వెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం జారిస్తే గోధుమరంగు వలయం: నైట్రేట్.

యూరియా మాత్రం ఇక్కడ బాగా ఏడిపిస్తుంది. అది అయాన్ల లవణమే కాదు, అందుకే వలయమూ రాదు, అవక్షేపమూ రాదు. దానికి బైయూరెట్ పరీక్ష: కరిగే దాకా వేడి చేసి, చల్లార్చి, క్షారం, కాస్త కాపర్ సల్ఫేట్ కలిపితే ఊదారంగు. కానీ నైట్రేట్ లేదని తేలకుండా దేన్నీ నేరుగా మంట మీద పెట్టొద్దు. క్రమం తప్పితే ప్రమాదం.

ఎందుకంత భయం అంటారా? 2020 ఆగస్టు 4న లెబనాన్‌లోని బీరూట్ రేవులో పేలింది ఈ అమ్మోనియం నైట్రేటే, అక్కడ నిల్వ ఉంచింది సుమారు 2,750 టన్నులు. మన దేశంలో దీని నిల్వకూ అమ్మకానికీ 2012 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి. అలాగని మీ కిట్‌లోని ప్యాక్ బాంబేమీ కాదు, గుడ్డ చుట్టి హాయిగా వాడుకోండి.

[స్క్రీన్ మీద: చిరిగిన ప్యాక్]

ప్యాక్ చిరిగి ఒంటి మీద పడితే నీళ్లతో కడిగేయండి. పిల్లలు నోట్లో పెట్టుకుంటే మాత్రం ఆగొద్దు. నైట్రేట్ కడుపులోకి వెళ్తే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోవచ్చు, పెదవులు నీలంగా మారతాయి. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి, చేతిలో ఆ కవర్ ఉండేలా చూసుకోండి.