18 రోజుల టీకా

శ్రోతలకు నమస్కారం. కరోనా గురించి ఇంకా ఏం మిగిలిందిలే అని మీరు రేడియో కట్టేసేలోపు ఒక చిన్న సంగతి చెబుతాను. అది విన్నాక మీ ఇష్టం.

2021 మార్చి 26న మలావీ అనే ఆఫ్రికా దేశానికి ఆఫ్రికన్ యూనియన్ తరఫున 1,02,000 డోసుల ఆస్ట్రాజెనెకా టీకా చేరింది. సీసా మీద లేబుల్ చూస్తే గడువు తేదీ ఏప్రిల్ 13. అంటే చేతిలో ఉన్నది 18 రోజులు. ఆలోపే ఆ సీసాల్ని చల్లదనం పోకుండా రాజధాని నుంచి జిల్లాలకు, అక్కడి నుంచి పల్లెలకు చేర్చాలి, జనానికి కబురు పెట్టాలి, అప్పటికే ఈ టీకా వేసుకుంటే రక్తం గడ్డకడుతుందట అన్న వార్త ఐరోపా నుంచి ఊరూరా పాకింది కాబట్టి భయపడేవాళ్లకు నచ్చజెప్పాలి. పైగా ఒక్కో సీసాలో పది డోసులుంటాయి, మూత తెరిస్తే ఆరు గంటల్లో అయిపోవాలి, కాబట్టి పదిమంది పోగయ్యేదాకా తెరవడానికి లేదు. ఇన్ని తిప్పలు పడి కూడా వాళ్లు ఐదింట నాలుగు వంతులు వాడేశారు. నన్నడిగితే అది గొప్ప పనే.

మిగిలిన 19,610 డోసుల్ని మే 19న రాజధాని లిలాంగ్వేలో ఆస్పత్రి ఇన్సినరేటర్‌లో, అంటే వ్యర్థాలు కాల్చే కొలిమిలో పెట్టి, అందరూ చూస్తుండగా ఆరోగ్య మంత్రే స్వయంగా తలుపు మూసి, కాల్చేశారు. ఎవరికీ తెలియకుండా పారేయొచ్చు కదా? గడువు తీరిన మందు మనకు పొడుస్తారేమో అని జనం టీకా వైపే రావడం మానేస్తున్నారు, అందుకని నమ్మకం కలగడానికి బాహాటంగా కాల్చారు. ప్రపంచానికి కనిపించింది మాత్రం ఆ మంట ఒక్కటే. చూశారా, ఇచ్చినా వాడుకోలేరు అన్నవాళ్లూ ఉన్నారు. 18 రోజుల గడువున్న మందు ఇచ్చారన్న మాట ఎంతమంది దాకా వెళ్లిందో మరి!

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. 2020 డిసెంబర్ 8న బ్రిటన్‌లోని కోవెంట్రీలో 90 ఏళ్ల పెద్దావిడకు ఫైజర్ టీకా వేశారు. ట్రయల్స్ అయ్యాక ఆ టీకా వేయించుకున్న మొదటి మనిషి ఆవిడే. ఆ తర్వాత నలభై రోజులకు, 2021 జనవరి 18న, ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ లెక్క చెప్పారు. డబ్బున్న 49 దేశాల్లో అప్పటికి 3.9 కోట్ల డోసులు పడ్డాయి. అత్యంత పేద దేశం ఒకదానిలో పడినవి 25. పాతిక మిలియన్లు కాదు, పాతిక వేలు కాదు, పాతికే అని ఆయన మరీ మరీ చెప్పాల్సి వచ్చింది. ఆ దేశం గినీ. ఆ పాతికలో కూడా దేశాధ్యక్షుడు, పెద్ద అధికారులు ఉన్నారు. అది వేరే కథ, పేద దేశంలోనూ పెద్దవాళ్లదే ముందు వరస.

ఇలా ఎందుకు జరిగిందంటే, టీకా పనిచేస్తుందో లేదో తెలియకముందే డబ్బున్న దేశాలు నాలుగైదు కంపెనీలకు అడ్వాన్సులు కట్టి కూర్చున్నాయి. ఏ గుర్రం గెలుస్తుందో తెలియనప్పుడు అన్ని గుర్రాల మీదా పందెం కాశాయన్నమాట. కెనడా అయితే తన జనాభాకు కొన్ని రెట్లు సరిపోయేంత బుక్ చేసుకుంది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, తన జనాన్ని కాపాడుకోవడం ఏ ప్రభుత్వానికైనా బాధ్యతే. కానీ ఫ్యాక్టరీలు అవే, నెలకు తయారయ్యే సీసాలు అన్నే, అందులో ఒకరు నాలుగు వంతులు ముందే రాయించుకుంటే మిగతావాళ్లకు దక్కేది ఆఖరున మిగిలిందే.

అందరికీ కలిపి కొనడానికి కోవాక్స్ అనే ఏర్పాటు చేశారు. 2021 చివరికల్లా 200 కోట్ల డోసులు పంచుతామన్నారు, తీరా 100 కోట్ల మార్కు దాటేసరికే 2022 జనవరి వచ్చింది. మొదటి విడత 6 లక్షల డోసులు 2021 ఫిబ్రవరిలో ఘనా వెళ్లాయి, అవి పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారైనవి. అసలు కోవాక్స్ అంతా దాదాపు ఆ ఒక్క కంపెనీ మీదే ఆధారపడింది, ఒంటిస్తంభం మేడ. మార్చిలో మన దేశంలో సెకండ్ వేవ్ లేవగానే ఎగుమతులు ఆగిపోయాయి, మేడ ఒరిగింది. శ్మశానాల ముందు క్యూలు కట్టిన ఆ రోజుల్లో టీకాలు బయటికి పంపమని ఎవరనగలరు? నేనైతే అనలేను. కానీ రెండో డోసు కోసం ఎదురుచూస్తున్న ఆఫ్రికా నర్సుకు ఆ జవాబు సరిపోతుందా అంటే, అదీ చెప్పలేను.

దక్షిణాఫ్రికా సంగతి చూడండి. ఆక్స్‌ఫర్డ్ టీకా, అంటే ఇందాకటి ఆస్ట్రాజెనెకానే, దాని ట్రయల్స్‌కు అక్కడి మనుషులు కూడా చెయ్యి చాపారు. కొనేటప్పుడు మాత్రం ఆ దేశానికి డోసు 5.25 డాలర్లు పడింది, యూరోపియన్ యూనియన్‌కు అదే డోసు సుమారు 2.15 డాలర్లకు వచ్చింది. ఎందుకయ్యా అంటే, ఐరోపా వాళ్లు పరిశోధనకు పెట్టుబడి పెట్టారు, అందుకే వాళ్లకు తక్కువ ధర అని జవాబు. ఒంట్లో సూది పొడిపించుకోవడం పెట్టుబడి కింద రాలేదు.

2021 ఆగస్టులో ఇంకొకటి బయటపడింది. అక్కడి గెబెర్హా నగరంలో ఆస్పెన్ అనే మందుల కంపెనీ ప్లాంటులో జాన్సన్ టీకాలు సీసాల్లో నింపుతున్నారు, అలా నింపినవి లక్షలాదిగా ఐరోపాకు వెళ్తున్నాయి, అప్పటికి ఆ దేశంలోనే టీకాలు చాలని పరిస్థితి. గొడవయ్యాక యూరోపియన్ యూనియన్ వెనక్కి పంపడానికి ఒప్పుకుంది. నవంబర్‌లో అక్కడి శాస్త్రవేత్తలే కొత్త రకం వైరస్‌ను పట్టుకుని, దాచకుండా ప్రపంచానికి చెప్పారు, అదే ఒమిక్రాన్. ఒకటి రెండు రోజుల్లోనే విమానాలు బంద్. కబురు చెప్పిన ఇంటికే గొళ్లెం పెట్టారు.

ఇక పేటెంట్ల గొడవ. 2020 అక్టోబర్ 2న భారత్, దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు ఒక ప్రతిపాదన పెట్టాయి. కరోనా ఉన్నన్నాళ్లు టీకాలు, మందులు, టెస్టు కిట్ల మీద మేధోహక్కుల్ని పక్కన పెట్టండి, ఎవరు చేయగలిగితే వాళ్లు చేసుకుంటారు అని. 2021 మేలో అమెరికా టీకాల వరకు సరేనంది, జర్మనీ అడ్డంగా నిలబడింది. తేలేసరికి 2022 జూన్ 17, అదీ టీకాల వరకే, ఒక చిన్న సడలింపు. అప్పటికి ఆస్పెన్‌కు జాన్సన్ టీకాను సొంత పేరుతో అమ్ముకునే లైసెన్సు వచ్చింది కానీ, ఒక్క ఆర్డరూ రాలేదు. పెళ్లి అయిపోయాక బాజాలన్నమాట.

ఈ టీకాలు దేశాల మధ్యే కాదు, ఇళ్లలోనూ చిచ్చు పెట్టాయి. మిత్రపక్షాలకు చెప్పకుండా రష్యావాళ్ల స్పుత్నిక్ టీకా తెప్పించినందుకు స్లోవాకియా ప్రధాని 2021 మార్చిలో పదవే వదులుకోవాల్సి వచ్చింది. అమెరికా 2020లో ఆరోగ్య సంస్థ నుంచి పోతానంది, 2021లో ఉంటానంది, 2025 జనవరిలో మళ్లీ పోతానంది. 2022 మార్చిలో యుక్రెయిన్ మీద రష్యా దాడిని తప్పుపడుతూ ఐక్యరాజ్య సమితిలో ఓటింగ్ పెడితే తటస్థంగా ఉన్న 35 దేశాల్లో 17 ఆఫ్రికావే. టీకాలే కారణం అని నేననను, పాత స్నేహాలు, ఆయుధాలు, గోధుమలు, చాలా ఉన్నాయి. కానీ కష్టం అందరిదీ అని చెప్పడానికి వచ్చిన డబ్బున్న దేశాలవాళ్లు ఏడాది క్రితం సీసాలు ఎలా పంచుకున్నారో అవతలివాళ్లకు గుర్తుండదా?

ఇలాంటి జ్ఞాపకం కరోనాతోనే మొదలవలేదు. 2007లో ఇండోనేషియా తన దగ్గర దొరికిన బర్డ్ ఫ్లూ వైరస్ నమూనాలు ఇవ్వనని మొండికేసింది. మా వైరస్ తీసుకెళ్లి టీకా చేసి, మేం కొనలేని ధరకు మాకే అమ్ముతారా అని అడిగింది. దాని మీద నాలుగేళ్లు చర్చలు జరిగి 2011లో ఫ్లూ వరకు ఒక ఏర్పాటు కుదిరింది. ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2025 మే 20న ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలోనూ అదే పంచాయితీ. మహమ్మారి వస్తే, ఇందులో చేరిన తయారీదార్లు తాము తయారుచేసే టీకాలు, మందులు, టెస్టు కిట్లలో 20 శాతం దాకా ఆరోగ్య సంస్థకు అందించాలని, అందులో కనీసం సగం ఉచితంగా ఇవ్వాలని రాసుకున్నారు. అయితే వైరస్ నమూనాలు ఎలా పంచుకోవాలి, బదులుగా ఎవరికి ఏం రావాలి అని చెప్పే అనుబంధ పత్రాన్ని మాత్రం ఆ రోజు రాయలేదు, తర్వాత చూద్దామని పక్కన పెట్టారు. వైరస్ ముందు ఇవ్వాలా, టీకా మాట ముందు తీసుకోవాలా అన్న దగ్గర బేరం తెగలేదు.

నమస్కారం.