టెస్ట్ పాస్, బాక్స్ ఖాళీ: ఇంగ్లిష్ కాని అక్షరాలను ఏ టూల్ సరిగ్గా టైప్ చేస్తుంది?

నమస్తే. ముందు స్క్రీన్ చూడండి. స్క్రిప్ట్ చివరిదాకా నడిచింది, ఒక్క ఎర్రర్ కూడా లేదు. కానీ పేరు పడాల్సిన బాక్స్ ఖాళీగా ఉంది. ఇది పైఆటోగుయ్, మనిషికి బదులు కోడ్‌తో కీబోర్డు, మౌస్ నడిపే పైథాన్ లైబ్రరీ. దీని ‘రైట్’ ఫంక్షన్‌కి నేనిచ్చిన మాట ‘స్త్రీ’. కీబోర్డు మీద లేని అక్షరం వస్తే ఇది ఏమీ అనదు, చప్పుడు కాకుండా దాటేస్తుంది. ఈ రోజు చూసే నాలుగు టూల్స్‌లో నన్ను ఎక్కువ విసిగించింది ఇదే. ఎర్రర్ ఇచ్చి ఉంటే అరగంటలో తేలిపోయేది కదా!

దీనికి చాలామంది వాడే చిట్కా ఒకటుంది: పైపర్‌క్లిప్ అనే చిన్న లైబ్రరీతో మాటను క్లిప్‌బోర్డులోకి కాపీ చేసి, కంట్రోల్ వీ నొక్కించడం. పని జరుగుతుంది. కానీ ఒకే మెషీన్‌లో రెండు టెస్టులు కలిసి నడిస్తే, ఒకదాని క్లిప్‌బోర్డు ఇంకోదాంట్లో పడుతుంది.

ఇక సెలీనియం, బ్రౌజర్‌ని కోడ్‌తో నడిపే టూల్. టైప్ చేయించే ‘సెండ్ కీస్’కి తెలుగు ఇవ్వండి, జపనీస్ ఇవ్వండి, సాఫీగా వెళ్తాయి. నవ్వు ముఖం ఎమోజీ ఇస్తే మాత్రం, సెలీనియం క్రోమ్‌ని నడపడానికి వాడే క్రోమ్‌డ్రైవర్ మొండికేస్తుంది. బీఎంపీలో ఉన్న అక్షరాలే తీసుకుంటానంటూ వచ్చే ఈ ఎర్రర్ ఏళ్ల తరబడి జనాన్ని పలకరిస్తూనే ఉంది. బీఎంపీ అంటే యూనికోడ్‌లో మొదటి 65,536 స్థానాలు. తెలుగు వాటి లోపలే ఉంది, ఆ ఎమోజీ బయట ఉంది. ఫైర్‌ఫాక్స్‌కి గెక్కోడ్రైవర్ వాడితే ఈ తలనొప్పి లేదు.

‘జావాస్క్రిప్ట్‌తో నేరుగా వాల్యూ పెట్టేస్తే పోలా?’ అంటారు. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో కట్టిన ఫారమ్‌లో అలా పెడితే అక్షరాలు బాక్స్‌లో కనిపిస్తాయి గానీ యాప్‌కి ఆ సంగతే తెలియదు. పైగా అలా పెట్టిన వాల్యూకి మ్యాక్స్‌లెంగ్త్, అంటే బాక్స్‌లో ఎన్ని అక్షరాలు పట్టాలనే పరిమితి, వర్తించదు. ‘స్త్రీ’ కంటికి ఒకటే అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు. మ్యాక్స్‌లెంగ్త్ 5 ఉన్న బాక్స్‌లో ఈ మాట పూర్తిగా పట్టదు. మీ టెస్ట్‌లో మాత్రం హాయిగా పడుతుంది.

ఆండ్రాయిడ్ గురించి రెండు ముక్కలు చాలు. కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే ఏడీబీలో ‘ఇన్‌పుట్ టెక్స్ట్’కి తెలుగు ఇస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తుంది. ఫోన్‌లో ఏడీబీ కీబోర్డ్ అనే యాప్ పెట్టుకుని, మాటను బేస్64లో, అంటే మామూలు కీబోర్డు గుర్తులుగా మార్చి, పంపండి.

అసలు కథ ప్లేరైట్‌ది, ఇదీ బ్రౌజర్‌ని నడిపే టూలే. ‘ఫిల్’ మాటను ఒక్కసారిగా పెట్టేసి ఇన్‌పుట్ ఈవెంట్, అంటే బాక్స్‌లో మాట మారిందనే కబురు, యాప్‌కి పంపుతుంది. ఎమోజీ అయినా సరే, ఏ గొడవా లేదు. ఒక్కో అక్షరం కొట్టించే పద్ధతీ ఉంది. కాకపోతే అమెరికన్ కీబోర్డు మీద లేని అక్షరానికి కీ నొక్కినట్టు, వదిలినట్టు చెప్పే కీడౌన్, కీఅప్ రావు, ఇన్‌పుట్ ఈవెంట్ ఒక్కటే వస్తుంది. ఈ మాట వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి పెట్టారు, అందుకే నాకు నచ్చింది. అంటే కీడౌన్ మీద ఆధారపడిన సెర్చ్ బాక్స్ మీ యాప్‌లో ఉంటే, తెలుగు టెస్ట్‌లో అది కదలదు.

కానీ మనిషి ఇలా టైప్ చేయడు కదా. జపనీస్ రాసేవాళ్లు ఇంగ్లిష్ అక్షరాలు కొడతారు, కింద గీతతో సగం మాట కనిపిస్తుంది, లిస్ట్‌లోంచి ఒకటి ఎంచుకుని ఎంటర్ నొక్కుతారు. ఈలోపు బ్రౌజర్ కంపోజిషన్ స్టార్ట్, అప్‌డేట్, ఎండ్ అనే ఈవెంట్లు పంపుతుంది. ‘ఫిల్’ చేసినా, ‘సెండ్ కీస్’ చేసినా ఈ దారి మొత్తం పక్కకు పోతుంది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో చాట్ టెస్టులన్నీ పచ్చగా ఉండేవి. యూజర్లు మాత్రం సగం రాసిన మెసేజ్‌లే వెళ్లిపోతున్నాయని మొత్తుకున్నారు. మాటను ఎంచుకోవడానికి నొక్కిన ఎంటర్‌నే మా కోడ్ ‘సెండ్’ అనుకుంది. మాట ఇంకా పూర్తికాలేదని చెప్పే ‘ఈజ్ కంపోజింగ్’ చూసి ఆగే ఒక్క లైన్ రాస్తే సరిపోయింది. అది దొరకడానికి పట్టిన టెన్షన్ అడక్కండి!

ఇలా మాట కూర్చి పెట్టే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఐఎమ్ఈ అంటారు. ప్లేరైట్ నుంచి, క్రోమ్‌కి నేరుగా ఆదేశాలిచ్చే క్రోమ్ డెవ్‌టూల్స్ ప్రోటోకాల్‌కి వెళ్లి ‘ఐఎమ్ఈ సెట్ కంపోజిషన్’ కమాండ్ పంపితే ఆ సగం మాట దశను తెప్పించొచ్చు. ఇంకా ప్రయోగ దశలో ఉన్న కమాండ్, క్రోమియం బ్రౌజర్లకే పనికొస్తుంది. అయినా ఈ ఒక్క సౌకర్యం కోసమే నా ఓటు ప్లేరైట్‌కి.

చివరిగా అసెర్ట్ సంగతి, అంటే బాక్స్‌లో పడిన మాటా మనం అనుకున్న మాటా ఒకటేనా అని పోల్చే లైన్. ‘రైలు’లో ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు కలిపి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. తెర మీద తేడా ఉండదు, అసెర్ట్ మాత్రం ఫెయిల్. రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీకి, అంటే విడి కోడ్‌లను కలిపి ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ పద్ధతికి, మార్చి పోల్చండి. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’కీ ‘వే’కీ మధ్య కనపడకుండా కూర్చుని వాటిని అతుక్కోనివ్వని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తుని ఎన్‌ఎఫ్‌సీ ముట్టుకోదు. మీ యాప్ దాన్ని ఊడబీకి ‘ట’ కింద ‘వ’ ఒత్తు తగిలిస్తే టెస్ట్ ఫెయిల్ కావాలి. పచ్చగా చేయాలని టెస్ట్‌లో కూడా దాన్ని తీసేయకండి.