ఈగ వాలినట్టుండే మచ్చ

శ్రోతలందరికీ నమస్కారం.

మొన్న చలికాలంలో మా కింద పోర్షన్‌లో ఉండే ఆంటీ నర్సరీ నుంచి ఒక గజానియా కుండీ తెచ్చుకున్నారు. ముదురు నారింజ రంగు పూలు, నడిమి గుండ్రం చుట్టూ నల్లటి మచ్చలు, ఎండ తగిలితేనే విచ్చుకుంటాయి, మబ్బు పడితే ముడుచుకుంటాయి. వాళ్ల మనవడు మూడో క్లాసు. నేను మెట్లు దిగుతుంటే ఆపి, "అంకుల్, ఈ మచ్చలు ఎవరు పెట్టారు?" అన్నాడు. కాలేజీలో ఇన్నేళ్లుగా బోటనీ చెబుతున్నవాణ్ని కదా, తేలిగ్గా చెప్పేద్దామనుకున్నాను. తీరా నోరు తెరిచేసరికి గజానియా సంగతి పక్కకు పోయి దాని చుట్టం ఒకటి గుర్తొచ్చింది. ఇవాళ్టి మాటలన్నీ ఆ చుట్టం గురించే.

దాని పేరు గోర్టేరియా. చేమంతి కుటుంబంలో చిన్న ప్రజాతి, అందులో ఉన్న జాతులు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డేవిడ్ డి గోర్టర్ అనే డచ్చి వైద్యుడి పేరు మీద లిన్నేయస్ 1759లో ఆ పేరు పెట్టాడు. ఇందులో మనకు కావలసింది గోర్టేరియా డిఫ్యూసా. దక్షిణాఫ్రికాలో పడమటి తీరం వైపు నమక్వాలాండ్ అని ఎడారిలాంటి ప్రాంతం ఉంది. మన హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వరకు వాన పడుతుంది కదా, అక్కడ చాలాచోట్ల 250 కూడా దాటదు, పైగా ఆ పడేది కూడా అక్కడి చలికాలంలోనే, అంటే మనకు వానాకాలం నడిచే నెలల్లో. ఆ నాలుగు చినుకులకే మొలిచి, ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి నేలంతా నారింజ రంగు పరిచి, విత్తనం కట్టి ఎండిపోయే ఏకవార్షిక మొక్క ఇది.

అసలు కథలోకి వెళ్లే ముందు ఒక మాట. చేమంతి పువ్వు, బంతి పువ్వు అంటూ గుడిమల్కాపూర్ మార్కెట్‌లో కిలోల లెక్కన కొంటాం చూడండి, అందులో ఒక్కొక్కటీ ఒక బస్తీ. ఒకే పీఠం మీద పదుల కొద్దీ బుల్లి పూలు ఇరుక్కుని కూర్చుంటాయి. పొద్దుతిరుగుడులో నడిమి గుండ్రం నిండా గింజలు వస్తాయంటే ఒక్కో గింజా ఒక్కో పువ్వు కాసిందే. అంచున రెక్కల్లా కనిపించేవి కూడా పూలే, కిరణ పుష్పకాలు అంటాం. మొత్తం అమరికను ఇంటర్ పుస్తకంలో శీర్షవద్విన్యాసం అన్నారు. ఆ పదం నోరు తిరగక పిల్లలు పడే టెన్షన్ నేను ఏటా చూస్తూనే ఉంటాను. గోర్టేరియాలో ఈ అంచు పూలు గింజ కట్టవు. పిలవడమే వాటి పని.

పిలవడమంటే మామూలు పిలుపు కాదు. అన్ని రెక్కల మీదా కాకుండా కొన్నింటి మీదే, అదీ ఎక్కడ పడితే అక్కడ విసిరేసినట్టు, నల్లటి మచ్చ ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అది ఉబ్బెత్తుగా ఉంటుంది, మీద గరుకు, నలుపులో పచ్చ కలిసిన నీలి మెరుపు, మధ్యలో వెలుగు పడినట్టు తెల్ల చుక్కలు. అచ్చం ఈగ వాలినట్టే. మెగాపాల్పస్ అని అక్కడ ఒక చిన్న నల్లటి ఈగ ఉంది. మగ ఈగ వస్తుంది, ఆడ ఈగ కూర్చుందనుకుని మచ్చ మీదికి దూకుతుంది, జత కట్టబోతుంది, అక్కడ ఏమీ ఉండదు. ఆ పెనుగులాటలో ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది, ఇంకో పువ్వు మీద ఇంకోసారి మోసపోతుంది, పువ్వు పని అయిపోతుంది. ఆర్కిడ్లు ఇలాంటి మోసాలకు పేరుమోసినవి. చేమంతి కుటుంబంలో ఈ విద్య నేర్చింది గోర్టేరియానే. పాపం, కొన్నిసార్లు దెబ్బ తిన్న మగ ఈగలు తర్వాత కాస్త జాగ్రత్తపడతాయట, ఆ మాత్రం తెలివి మనలో కొందరికి లేదు.

ఈ జాతి మొక్కలన్నీ ఒకేలా ఉండవు. ఊరు మారితే పువ్వు ముఖం మారుతుంది, పదికి పైగా రూపాలున్నాయి. కొన్నింట్లో చుట్టూ వలయంలా మచ్చలుంటాయి, అక్కడికి ఈగ వచ్చినా తిని పోతుంది. జత కోసం ఎగబడేది కొన్ని రూపాల మీద మాత్రమే.

మరి ఒక మొక్క ఈగ బొమ్మను ఎలా గీసింది? 2023లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు దీని జన్యువులు తిరగేశారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మొక్క కొత్తగా చేసిందేమీ లేదు, ఇంట్లో ఉన్న సామానే వాడేసింది. ఒంట్లో ఇనుము ఎటు పోవాలో చూసుకునే జన్యువులు ప్రతి మొక్కలోనూ ఉంటాయి. వాటిని మచ్చ దగ్గర పనికి పెట్టింది, దాంతో ఇనుము అక్కడ చేరి ఎర్రటి ఊదా రంగును ఈగ రంగులోకి తిప్పేసింది. వేరు మీద నూగు మొలిపించే జన్యువులున్నాయి, నీళ్లు పీల్చడానికి మట్టిలో పనిచేయాల్సినవి. వాటితో రెక్క మీద ఉబ్బెత్తు, గరుకు తెప్పించింది. మూడో రకం జన్యువులు మచ్చ ఏ రెక్క మీద రావాలో తేలుస్తాయి. వరసగా ముగ్గు చుక్కల్లా ఉంటే ఈగ నమ్మదు మరి, ఒంటరిగా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటేనే నమ్ముతుంది.

పని అయ్యాక పూలగుత్తి మొత్తం ఎండి గట్టిపడి, ముళ్లతో సహా మొక్క నుంచి రాలిపోతుంది, గింజలు దాని లోపలే ఉంటాయి. పల్లేరు కాయ కాలికి గుచ్చుకున్నవాళ్లకు ఆ రూపం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. వాన పడితే గింజ లోపలి నుంచే మొలకెత్తుతుంది.

ఇదంతా ఆ పిల్లాడికి కుదించి చెప్పాను. మర్నాడు పొద్దున చూస్తే ఆ గజానియా ముందు పీట వేసుకుని కూర్చున్నాడు, ఈగ ఎప్పుడొస్తుందా అని. ఆ ఈగ ఆఫ్రికాలో ఉంటుందిరా, ఇక్కడ ఉండదు అన్నాను. "మరి ఇక్కడున్న ఈగలు మోసపోవా?" అన్నాడు. ఓ సన్న తేనెటీగ వచ్చి మచ్చలవైపు కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా నడిమి గుండ్రంలో దిగింది.